మా ఊరి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళిన యూనివర్సిటీ వాళ్ళు మళ్ళీ రాలేదు. మీ ఊళ్ళోనూ ఇంతేనా?

కనిగిరి_కరెంట్
మాది కనిగిరి పక్కన పల్లె. రెండేళ్ళ కిందట ఒక యూనివర్సిటీ వాళ్ళు మా ఊరిని దత్తత తీసుకున్నారు. ఊరి మొదట్లో బోర్డు పాతారు. హైస్కూల్లో షామియానా వేసి సభ పెట్టారు, సర్పంచికి శాలువా కప్పారు. అరవై మంది పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపుకున్నారు. మజ్జిగ మేమే పోశాం.

ఆఖరి రోజున కెమిస్ట్రీ పిల్లలు నలుగురొచ్చి ఊళ్ళో ఉన్న ఏడు బోర్ల నీళ్ళూ పట్టారు. రామాలయం వీధి బోరు దగ్గర మోటారేసింది నేనే. లీటరు వాటర్ బాటిల్, దాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి స్కెచ్‌తో "బోరు 4" అని రాసుకున్నారు. "ఫ్లోరైడ్ ఎంతుందో చూసి చెప్తాం అంకుల్" అన్నారు. నాకు ముప్పై నాలుగు. అంకులంట.

అంతే, మళ్ళీ మనిషి లేడు. కోఆర్డినేటర్ సారుకి ఫోన్ చేస్తే "నేను ఇప్పుడు ఆ సీట్లో లేనండీ" అన్నాడు. బోర్డు రంగు వెలిసింది, దాని కర్రకి మా బాబాయి బర్రెని కట్టేస్తన్నాడు. మా అమ్మకి మోకాళ్ళు పట్టేసి పొద్దున్నే లేవలేకపోతంది. "ఆ పిల్లలు ఏమన్నా చెప్పారా రా" అని ఇప్పటికీ అడుగుద్ది.

ఆ సీసాల రిజల్ట్ ఎవర్ని అడగాలి? అసలు ఈ దత్తతలు, సభలు ఎక్కడైనా అక్కరకొచ్చినాయా?

మునుగోడు_ముచ్చట
మా దిక్కు గూడ గిదే కథ అన్నా. ఫ్లోరైడ్ నీళ్ళకు మా తాత కాళ్ళు వంకరపోయినయి. నా చిన్నతనంల యాడాదికి రెండు జట్లు వచ్చేటోళ్ళు. తాతను అరుగు మీద కూసోబెట్టి, ధోతి మోకాళ్ళ మీదికి లేపి ఫోటోలు తీస్కపోయేటోళ్ళు. ఎన్ని థీసిస్‌లల్ల ఉన్నడో మా తాత. ఒక్క పుస్తకం గూడ ఇంటికి రాలే. ఆయన పోయిననాడు ఫ్రేము కట్టిద్దామంటే ఇంట్ల మంచి ఫోటో ఒక్కటి లేదు.

టీకొట్టు_శీను
ఓ జోకు టైప్ చేశా. పైది చదివాక చెరిపేశా.

లాగ్‌బుక్_బాధితురాలు
ఆ ఫారాలు నింపే బ్యాచ్‌లో నేనూ ఉన్నా, తిట్టుకోండి. మాకు డిగ్రీ ఫస్టియర్ అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ తప్పనిసరి. 180 గంటలు, 4 క్రెడిట్లు. రోజూ లాగ్‌బుక్ రాయాలి, ఆఖర్న రిపోర్టు ఇవ్వాలి.

మాకిచ్చిన ఊళ్ళో మూడో ఇంటికి వెళ్ళేసరికి ఒకావిడ నేను పెన్ను తీయకముందే అప్పజెప్పేసింది. "మొన్న సచివాలయం వాళ్ళు అడిగారు, అటు మొన్న ఇంకో కాలేజీ పిల్లలు అడిగారు. మరుగుదొడ్డి ఉంది, గ్యాస్ ఉంది, పింఛను రావట్లేదు. రాసుకో." మరుగుదొడ్డి రాశా, గ్యాస్ రాశా. పింఛను రాయడానికి మా ఫారంలో గడి లేదు.

మా క్లాసులో సగం మంది రిపోర్టు జిరాక్స్ షాపులో కొనుక్కున్నారు. ఊరి పేరు మార్చి ప్రింట్ తీసిస్తాడు. ఒకడి రిపోర్టులో పేరు మార్చాడు గానీ లోపలి పేజీలు చూసుకోలేదు. అనంతపురం జిల్లా ఊరికి గోదావరి కాలువ పారింది.

టీకొట్టు_శీను
ఇన్నేళ్ళుగా ఏ ప్రభుత్వమూ చెయ్యలేనిది ఒక జిరాక్స్ షాపాయన చేశాడు. ఆయన్ని ఇరిగేషన్ మంత్రిని చెయ్యండి.

పాత_పీవో
డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అందులో ఆరేళ్ళు ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగా చేశాను. అందరూ కాలేజీల మీదే పడ్డారు కాబట్టి ఇటువైపు సంగతి కూడా చెప్తా.

కనిగిరి తమ్ముడు చెప్పిన దత్తత బహుశా ఉన్నత్ భారత్ అభియాన్ కింద జరిగుంటుంది. 2014లో మొదలైంది, ఐఐటీ ఢిల్లీ నుంచి నడుపుతారు. చేరిన ప్రతి సంస్థా కనీసం ఐదు ఊళ్ళు తీసుకోవాలి. ఐదు ఊళ్ళన్నాక ఐదు బోర్డులు, ఐదు సభలు. తర్వాత కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్ళొస్తారు. వాళ్ళ మూడో క్రైటీరియన్‌లో రీసెర్చ్‌తో పాటు ఎక్స్‌టెన్షన్, అంటే బయటి జనం కోసం చేసే పని, కూడా ఉండేది. దానికి రుజువేంటి? ఫోటో. అది కూడా ఎక్కడ తీశారో చూపించే జియోట్యాగ్ ఉన్నది. నేను ర్యాలీ మధ్యలో పిల్లల్ని ఆపి, జీపీఎస్ అందట్లేదని వేపచెట్టు కింద నుంచి ఎండలోకి జరిపి మళ్ళీ ఫోటో తీయించిన రోజులున్నాయి. సర్వేలో తేలింది ఊరికి వెళ్ళి చెప్పారా అని నన్నెవరూ అడగలేదు. అమ్మాయి చెప్పిన గడి గోల మా వైపూ ఉంది.

ఎన్ఎస్ఎస్ మొదలైంది గాంధీ శతజయంతి ఏడు, 1969 సెప్టెంబర్ 24న, 37 యూనివర్సిటీల్లో. ఇప్పటికీ పద్ధతి అదే. వంద మంది యూనిట్లో యాభై మందిని తీసుకుని ఏడు రోజులు ఊళ్ళో క్యాంపు. మా కాలేజీకి డబ్బు మాత్రం క్యాంపు అయిపోయిన నెలలకి వచ్చేది. కిరాణా కొట్లో బియ్యం, పప్పు నా పేరు మీద అప్పు. ఒకసారి మూడో రోజు రాత్రి వంటవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. తెల్లారి ఊళ్ళో ఆడవాళ్ళు ఐదారుగురు వచ్చి, "పిల్లలు పస్తుంటారా ఏంటి" అని మా డేగిసాలు మా చేతుల్లోంచి లాక్కుని ఉప్మా చేశారు. మిగతా నాలుగు రోజులూ వాళ్ళే వండిపెట్టారు. శ్రమదానం అని బ్యానర్ కట్టుకుని వెళ్ళింది మేము, చేసింది వాళ్ళు.

కనిగిరి_కరెంట్
ఉప్మా సంగతి సరే సార్. సీసాలు?

పాత_పీవో
దత్తత కోఆర్డినేటర్‌ని వదిలెయ్. ఆ సీటు ఏడాదికొకరికి మారుతుంది. సీసాలు పట్టింది కెమిస్ట్రీ పిల్లలంటున్నావు కదా, ఎమ్మెస్సీ వాళ్ళయితే వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టు బైండు చేసి డిపార్ట్‌మెంట్ బీరువాలో పెడతారు. నేరుగా హెచ్‌వోడీ దగ్గరికి వెళ్ళి అడుగు. ఆర్టీఐ ముందే వెయ్యకు, మనుషులు బిగుసుకుపోతారు.

లాగ్‌బుక్_బాధితురాలు
పాత_పీవో సార్, డబ్బు లేదన్నది ఒప్పుకుంటా. మా గైడ్ ఒక్కసారి కూడా ఊరికి రాలేదు, దానికి డబ్బెందుకు? పది కిలోమీటర్లు, ఆయనకి బండుంది.

ఆ పింఛను ఆవిడకి ఆధార్లో వయసు తప్పు పడింది. సర్వే పక్కనపెట్టి ఆవిణ్ణి ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళా, ఒక పూట పట్టింది. అది లాగ్‌బుక్‌లో రాస్తే గైడ్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నా టాపిక్ పారిశుధ్యం అట, పింఛను అందులోకి రాదట.

పాత_పీవో
ఆయన కొట్టెయ్యడం తప్పే. అమ్మా, ఆ పేజీ చింపకుండా దాచుకో.

జొన్నరొట్టె
@లాగ్‌బుక్ పింఛను వచ్చిందా మరి?

లాగ్‌బుక్_బాధితురాలు
వచ్చే నెల నుంచి అన్నారంట. దసరాకి ముందు కూడా వచ్చే నెలే అన్నారు.

బాపట్ల_బ్యాచ్
వారం ఉండి పోయేవాళ్ళని చూసి అన్ని చదువుల్నీ ఒకే గాటన కట్టకండి. మాది అగ్రికల్చర్ బీఎస్సీ. ఫైనలియర్లో రావెప్ అని నెలల తరబడి ఊళ్ళోనే గది తీసుకుని ఉంటాం. ఒక్కొక్కరికి ఒక రైతుని చూపిస్తారు, ఆయన పొలంలో నాట్లు, మందులు, కలుపు, అన్నీ ఆయనతోనే.

మొదట్లో ఊరి మ్యాపు వెయ్యాలి. కాగితం మీద కాదు, రచ్చబండ దగ్గర నేల ఊడ్చి ముగ్గుపిండితో, రంగులతో. ఊరి వాళ్ళే చెప్తుంటే వెయ్యాలన్నది అసలు పద్ధతి. మేం తెలివి మీరి పొద్దున్నే వేసేశాం. చెరువు నీలం, పొలాలు ఆకుపచ్చ, రోడ్డుకి ఇటుక పొడి. మురిసిపోతుంటే ఒక పెద్దాయన వచ్చి చేతికర్రతో ఒక గీత చెరిపేశాడు. "ఈ డొంక దారి ఇప్పుడెక్కడుంది, కలిపేసుకున్నారుగా" అన్నాడు. ఇంకొకాయన చెప్పు కాలితో ఆ గీత మళ్ళీ గీశాడు. పది నిమిషాల్లో అటు నలుగురు, ఇటు ఆరుగురు. మా సారు గబగబా ఫోటో తీసుకుని మమ్మల్ని ఆటో ఎక్కించేశారు.

ఆ నెలల్లో నేను నేర్చుకున్నవాటిలో బాగా గుర్తున్నది ఆ డొంకే. ఊరి గురించి ఊరు ఒకే మాట మీద ఉంటుందనుకుని వెళ్ళాను.

టీకొట్టు_శీను
డొంక ఉందా పోయిందా?

బాపట్ల_బ్యాచ్
కోర్టులో ఉంది.

గోదారిగట్టు
ఆయ్, మా వైపు కథ కాస్త వేరండి. మాకు మార్టేరు వరి పరిశోధన స్టేషన్ దగ్గర. స్వర్ణ వరి పుట్టింది ఆ స్టేషన్లోనే, ఎంటీయూ 7029, 1982లో వదిలారు. మా నాన్న వాళ్ళ మినీకిట్లు వేసేవారు. అంటే ఇంకా పేరు పెట్టని కొత్త రకం విత్తనం చిన్న సంచిలో ఇస్తారు, మన రకం పక్కనే ఒక మడిలో వేసి చూడాలన్నమాట.

ఆ సంచి ఇచ్చిన శాస్త్రవేత్త పంటకి మూడుసార్లు వచ్చేవారు. నాట్లప్పుడు, ఈనిక మీద, కోతకి. కోత రోజు గట్టు మీద గొడుగేసుక్కూచుని, నాలుగు పుల్లలు పాతి తాడు కట్టి, అంతమేర కోయించి, నూర్పించి, తూకం రాసుకుని గానీ కదిలేవారు కాదు. ఒక ఏడాది రకం బాలేదు, వరికి పట్టే సుడిదోమకి మడి మడంతా సుడులు సుడులుగా మాడిపోయింది. మా నాన్న గట్టు మీదే నిలబెట్టి తిట్టారు. ఆయన ఆ తిట్లు కూడా పుస్తకంలో రాసుకున్నారండి, ఎన్నో రోజుకి దోమ కనబడిందీ, పక్క మడికి పాకిందా లేదా అని మధ్యమధ్యలో అడుగుతూ.

ఎందుకొచ్చేవారంటారు? మా నాన్న మీద ప్రేమా? మా మడి తూకం లేకపోతే ఆయన రకం ముందుకి కదలదు. ఆయనకి మాతో పనుంది. మీ ఊరికొచ్చిన వాళ్ళకి ఫోటో దిగ్గానే పని తీరిపోయింది, ఇంకెందుకొస్తారు చెప్పండి.

టీకొట్టు_శీను
తిట్లకి కూడా గడి ఉందన్నమాట. పింఛనుకే లేదు.

గోధుమచేను
గోదారిగట్టు గారి మాటకి నాదొకటి. నేనుండేది కాన్సాస్‌లో మాన్హాటన్. ఇక్కడ కౌంటీల్లో యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులుంటాయి, 1914లో స్మిత్-లీవర్ చట్టం చేసినప్పట్నుంచీ. మా పెరట్లో టమాటా మొక్కలు పసుపెక్కిపోతుంటే మట్టి సంచిలో వేసి ఇచ్చొచ్చా, కొంచెం డబ్బు కట్టా. నా పేరు మీద కాగితమొచ్చింది, మట్టిలో ఏది తక్కువో, ఏది ఎంత వెయ్యాలో.

తమాషా ఏంటంటే 1964లో రాజేంద్రనగర్లో మన వ్యవసాయ యూనివర్సిటీ పెట్టినప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించింది ఈ ఊరి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీయే. కాబట్టి పద్ధతి మనకి తెలియక కాదు.

జొన్నరొట్టె
వచ్చింది అమెరికా. ఏ థ్రెడ్‌లోనైనా ఇరవయ్యో పోస్టు లోపు వస్తుంది. అక్కడ కౌంటీ కూడా డబ్బు పెడుతుంది సార్. మా పంచాయతీ దగ్గర వీధి బల్బు మార్చడానికి డబ్బుల్లేవు.

గోధుమచేను
బల్బుకి లేవు, ఒప్పుకున్నా. వాట్సాప్‌లో ఏడు అంకెలు పంపడానికి ఎంతవుతుంది?

జొన్నరొట్టె
సరే, ఆ పాయింటు మీది.

బెంగళూరు_బస్సు
వాళ్ళు ఊళ్ళోకి రావడం ఒక్కటే మాట్లాడుతున్నారు. మనల్ని లోపలికి రానివ్వడం సంగతేంటి? ఇక్కడ ఐఐఎస్సీలో ఏడాదికోసారి ఓపెన్ డే పెడతారు, మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. టికెట్ లేదు, ఎవరైనా పోవచ్చు, ల్యాబులన్నీ తీసి ఉంటాయి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కర్నూలాయన, కొడుకుని వెంటబెట్టుకుని మాతో వచ్చాడు. ద్రవ నైట్రోజన్‌లో గులాబీ ముంచి బల్లకేసి కొడితే గాజు ముక్కల్లా రాలింది. వాడు అది చూసి ఆ పరిశోధన చేసే అమ్మాయిని "అక్కా, చెయ్యి పెడితే?" అన్నాడు. ఆ అమ్మాయి గ్లౌజు తీసి తన వేలి మీద మచ్చ చూపించింది. ఇంటికొచ్చాక వాడు గులాబీ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, ఆ మచ్చ గురించే.

గోడపక్కోడు
మీకు గేట్లు తెరిచారు, సంతోషం. మా ఊరు ఒక యూనివర్సిటీ గోడకి ఆనుకునే ఉంది. మా పొలాల్లోనే కట్టారు. లోపలికి పోవాలంటే సెక్యూరిటీ "ఎవరి కోసం" అంటాడు. ఏడాదికోసారి సభ పెట్టి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెడతారు, "స్థానిక ప్రజల సహకారం" అంటారు, బిస్కెట్ ప్యాకెట్ ఇస్తారు. మర్నాడు మళ్ళీ "ఎవరి కోసం".

మా తాత నాటిన చింతచెట్టు ఇప్పుడు లోపల క్వార్టర్స్‌లో ఉంది. కొమ్మ గోడ దాటి ఇటొచ్చింది కాబట్టి పచ్చడికి ఇబ్బంది లేదు.

టీకొట్టు_శీను
ఆ చెట్టొక్కటే నిజమైన ఎక్స్‌టెన్షన్ యాక్టివిటీ. ఫోటో తీసి న్యాక్‌కి పంపండి. జియోట్యాగ్ మర్చిపోకండి.

పాత_పీవో
శీనూ, నవ్వించావు.

సున్నపుతేట
మళ్ళీ నీళ్ళ దగ్గరికొద్దాం. హైస్కూల్లో సైన్స్ చెప్తాను.

కనిగిరి తమ్ముడూ, పిల్లలు ప్లాస్టిక్ సీసాలో పట్టడం సరైనదే, ఫ్లోరైడ్‌కి గాజు పనికిరాదు. అయితే ఆ నీళ్ళని 28 రోజుల్లోపు పరీక్ష చెయ్యాలి. రెండేళ్ళ నాటి సీసాలు దొరికినా వాటి జోలికి పోవద్దు. అప్పటి అంకెలు రాసి ఉంటే అవి చూడు, లేదా కొత్తగా పట్టించు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ఇంకోటి, మరగబెడితే పోతుందని మా ఊళ్ళో చాలామంది నమ్మకం. పోదు. నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క మీ అమ్మగారికి ఇవాళే చెప్పు.

యూనివర్సిటీ కోసం ఆగక్కర్లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ, అదే ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళకి ల్యాబులున్నాయి. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి ఫీల్డ్ కిట్‌తో పరీక్ష చెయ్యడం నేర్పాలని ఉంది. మీ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుని అడుగు.

ఒక సంగతి చెప్తే నీకు కోపం రావచ్చు. దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు, పళ్ళు పాడయ్యే జబ్బు గురించి, మొదట రాసింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు. ఎక్కడి మనుషుల్ని చూసి రాశారనుకున్నావు? అప్పటి నెల్లూరు జిల్లా. అప్పట్లో మీ వైపంతా అందులోదే.

కనిగిరి_కరెంట్
1937?? మా జేజినాయన పుట్టకముందు నుంచీ పట్టుకెళ్తానే ఉన్నారా సీసాలు.

అమ్మ మరగబెట్టే తాగతంది టీచర్ గారూ. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా. "మరి అన్నం?" అంది. అన్నానికి కూడా క్యాన్ నీళ్ళే పొయ్యమన్నా. ఇరవై లీటర్లు ఎన్ని రోజులొస్తాయో లెక్కేసుకుంటా ఫోన్ పెట్టేసింది.

మునుగోడు_ముచ్చట
మీకు 1937. మాకైతే ఏకంగ మా జిల్లా పేరు మీదనే టెక్నిక్ ఉంది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్ నీరీ సంస్థోళ్ళు తీసిండ్రు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చుడు. మంచి పద్ధతే, చవక. ప్రపంచమంత పుస్తకాలల్ల ఉంటదట. మా పక్కూళ్ళె పెట్టిన ట్యాంకుల మాత్రం తొండలు కాపురమున్నయి. పటిక ఎవరు తేవాలె, అడుగున ఆగిన బురద ఎవరు తియ్యాలె అన్నకాడ ఆగిపోయింది. మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్ళు నల్లలకొచ్చినంకనే మాకు జర నిమ్మళమైంది.

బాపట్ల_బ్యాచ్
ఆ "బురద ఎవరు తియ్యాలి" దగ్గరే అన్ని ప్రాజెక్టులూ ఆగేది. ప్రారంభోత్సవానికి రిబ్బన్ ఉంటుంది, బురదకి ఉండదు.

జొన్నరొట్టె
@కనిగిరి వెళ్ళావా డిపార్ట్‌మెంట్‌కి?

కనిగిరి_కరెంట్
పదకొండు రోజుల తర్వాత చెప్తన్నా, కోతల మిషన్ పనిలో ఇరుక్కున్నా.

వెళ్ళాను. హెచ్‌వోడీ మేడం కొత్తగా వచ్చారంట, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పాత_పీవో సార్ చెప్పినట్టే బీరువాలో ఉంది, నల్ల బైండు, బంగారు అక్షరాలు. మా ఊరి పేరులో ఒక అక్షరం తప్పు. లోపల మా బర్రెల ఫోటో కూడా ఉంది. ఆఖరి పేజీల్లో పట్టిక. శాంపిల్ 1, శాంపిల్ 2, అలా ఏడు దాకా, ఎదురుగా అంకెలు. నాలుగు బాగానే ఉన్నాయి. రెండు 1.5కి అటూ ఇటూ. ఒకటి 3 దాటింది.

అది ఏ బోరో లేదు. వీధి పేర్లు ఎక్కడా రాయలేదు. సీసాల మీద ప్లాస్టర్ ఉంటదిగా అన్నా. సీసాలెప్పుడో పారేశారంట. మాకు "బోరు 4" ఇక్కడ "శాంపిల్ 4" అవునో కాదో మేడం కూడా చెప్పలేకపోయారు. రెండేళ్ళుగా ఊళ్ళో ఎవరో ఒకళ్ళు ఆ 3 దాటిన నీళ్ళు తాగతానే ఉన్నారు.

సున్నపుతేట
ఏడూ మళ్ళీ పట్టించు. అదొక్కటే దారి.

కనిగిరి_కరెంట్
అదే అడిగా. మేడం సోమవారం ఇద్దరు పిల్లల్ని పంపుతానన్నారు. ఈసారి లెక్క నా దగ్గర కూడా ఉంటది. బోరు స్టార్టర్ డబ్బాల మీద నిన్ననే పెయింట్‌తో నంబర్లేశా, ఏడింటికీ. సీసా మీద అదే నంబరు. నా నోటుబుక్కులో ఎవరి ఇంటి ముందుదో రాసి, పట్టిన పిల్ల చేత సంతకం పెట్టించుకుంటా. సచివాలయం కిట్ కూడా దొరికింది, డబ్బా సీలు తియ్యలేదు. అందులో మందు డేటు దాటిపోయిందంట, కొత్తది అడిగారు.

లాగ్‌బుక్_బాధితురాలు
అన్నా, ఆ వచ్చే పిల్లలకి మజ్జిగ పొయ్యండి. ఎండలో వస్తారు. వాళ్ళ తప్పేం లేదు.

కనిగిరి_కరెంట్
పోస్తాం తల్లీ. అంకుల్ అనకుండా ఉంటే బూందీ కూడా.

టీకొట్టు_శీను
బోర్డు పీకేశారా?

కనిగిరి_కరెంట్
బాబాయి ఒప్పుకోలేదు. బర్రెకి అలవాటైపోయిందంట.

మునుగోడు_ముచ్చట
రిజల్ట్ వచ్చినంక ఈడ పెట్టు అన్నా. రామాలయం వీధిది ముందుగాల పెట్టు.